పడుగు పోగుకు పాలిమర్ పూత ఎంత గట్టిగా ఉండాలి?

అందరికీ నమస్కారం.

ఈరోజు ఇక్కడ నేత సాంకేతికత చదువుతున్న విద్యార్థులు ఉన్నారు, పడుగు నూలుకు గంజి లాంటి పూత పట్టించే సైజింగ్ మిషన్ మీద పనిచేసేవాళ్లు ఉన్నారు, బట్టను ఉతికి రంగు వేసే ప్రాసెసింగ్ విభాగం వాళ్లు కూడా వచ్చారు. ముగ్గురూ ఒకే గదిలో కూర్చోవడం నాకు చాలా ఆనందంగా ఉంది. ఎందుకంటే నేను మాట్లాడబోయే విషయం సగం మగ్గం దగ్గర తేలుతుంది, మిగతా సగం ఉతికే తొట్టి దగ్గర తేలుతుంది.

పడుగు నూలు మీద మనం వేసే పాలిమర్ పూత బట్టలో ఉండిపోవడానికి వేసింది కాదు. మగ్గం మీద దాని పని అయ్యాక మొత్తం వదిలిపోవాలి. ఇంత కొద్దికాలం ఉండే పూత ఎంత గట్టిగా ఉండాలి? ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను. పూత దారం కంటే ఒక మెట్టు బలహీనంగా ఉండాలి, చీలాల్సిన చోట దారం కంటే ముందు అదే చీలాలి. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు మగ్గం మీద ఒక్క పోగుకు ఏం జరుగుతుందో లెక్క వేద్దాం. సెంటీమీటరుకు 30 పేకలు పడే బట్ట నేస్తున్నాం అనుకోండి. మగ్గం వెనక డ్రాపర్ల (పోగు తెగితే కిందపడి మగ్గాన్ని ఆపే రేకుల) నుంచి, ముందు పేకను గుద్దే చోటు దాకా దూరం సుమారు ఒక మీటరు. పోగులోని ఏ భాగమైనా ఆ మీటరు దూరం దాటాలంటే 3,000 పేకలు పడాలి. నిమిషానికి 800 పేకలు వేసే ఏర్‌జెట్ మగ్గం మీద ఇదంతా నాలుగు నిమిషాల లోపే అయిపోతుంది. ఈ నాలుగు నిమిషాల్లో పోగు వేల సార్లు బిగుసుకుని వదులవుతుంది. డ్రాపర్ రేకుకు ఒరుసుకుంటుంది, పోగును ఎత్తి దించే హీల్డ్ కంట్లో పైకీ కిందికీ వంగుతుంది, పక్క పోగుతో రాసుకుంటుంది. చివరి కొన్ని సెంటీమీటర్లలో రీడ్, అంటే పేకను గుద్దే దువ్వెన లాంటి చట్రం, దాన్ని పట్టుకుంటుంది. రీడ్ ముందుకూ వెనక్కూ ఊగే దూరం 8 సెంటీమీటర్లు అనుకుంటే, బట్టలో కలిసేలోగా ఆ భాగం మీదుగా రీడ్ పళ్లు 240 సార్లు ముందుకు, 240 సార్లు వెనక్కు గీసుకుంటూ వెళ్తాయి.

ఇన్ని బాధలు పడుతున్నా, పోగు మీద పడే సగటు టెన్షన్ మాత్రం చాలా తక్కువ. 40వ నంబరు కాటన్ నూలు పోగును లాగి తెంచాలంటే 200 సెంటీన్యూటన్ల పైచిలుకు బలం కావాలి. మగ్గం మీద ఆ పోగు మోసే టెన్షన్ అందులో పదో వంతు అటూ ఇటూ. షెడ్ (పేక వెళ్లడానికి పోగుల మధ్య ఏర్పడే దారి) తెరుచుకున్నప్పుడు, రీడ్ గుద్దినప్పుడు ఇంకాస్త పెరుగుతుంది, అయినా తెగే బలానికి చాలా దూరంలోనే ఉంటుంది. మరి పోగు ఎందుకు తెగుతోంది? బలం చాలక తెగడం లేదు. రాపిడికి పీచులు ఒక్కొక్కటే పైకి లేస్తాయి, పురి కొద్దికొద్దిగా సడలుతుంది, పైకి లేచిన నూగు పక్క పోగు నూగుతో చిక్కు పడుతుంది. ఆ చిక్కు దగ్గర షెడ్ సరిగా తెరుచుకోదు. అప్పటికే సన్నగా ఉన్న చోట, అతుకు ఉన్న చోట పోగు చేతులెత్తేస్తుంది.

ఒక బీమ్ (పడుగు చుట్టిన పెద్ద రోలు) మీద 6,000 పోగులుంటే వాటిలో ఒక్కటి తెగినా మగ్గం మొత్తం ఆగుతుంది. అందుకే లక్ష పేకలకు ఎన్నిసార్లు పడుగు తెగి మగ్గం ఆగిందన్న లెక్క మీదే నేత విభాగం బతుకుతుంది. నిమిషానికి 800 చొప్పున లక్ష పేకలంటే రెండు గంటల ఐదు నిమిషాలు. 6,000 పోగుల్లో రెండు గంటలకు ఒకటి తెగితే బాగా నడుస్తున్నట్టే. ఐదారు తెగితే ఒక మనిషి అన్ని మగ్గాలు చూసుకోలేడు.

కాబట్టి సైజింగ్ నుంచి మనం కోరాల్సినవి ఏమిటి? నూగు పడుకోవాలి, పోగు పైన రాపిడిని తట్టుకునే పొర ఉండాలి, పోగుకు స్వతహాగా ఉన్న సాగే గుణం పోకూడదు. బలం పెరగడం నాలుగో మాట. సైజింగ్ చేశాక పోగు బలం ఎంతో కొంత పెరుగుతుంది, రిపోర్టులో ఆ అంకె చూసుకుని సంతోషిస్తాం. పక్కనే ఇంకో అంకె ఉంటుంది, సాగుడు. కాటన్ పోగు సైజింగ్‌కు ముందు ఆరేడు శాతం సాగుతుంది. సైజు (పూత ద్రావణం) బాక్సులో తడిగా ఉన్నప్పుడు లాగేసి, అలాగే ఆరబెట్టేస్తే అది నాలుగు శాతం కంటే కిందికి పడిపోతుంది. అలాంటి బీమ్ ఎంత బలం చూపించినా మగ్గం మీద నిలబడదు. ప్రతి పేకకూ వచ్చే కుదుపును మింగడానికి దానిలో సాగుడు మిగల్లేదు కదా. సైజింగ్ మిషన్ మీద కాటన్‌కు స్ట్రెచ్ ఒకటి, ఒకటిన్నర శాతం దాటనివ్వకండి. విస్కోస్ తడిస్తే బలం బాగా కోల్పోతుంది, తేలిగ్గా సాగిపోతుంది, అక్కడ ఇంకా జాగ్రత్త కావాలి.

పడుగుకు గంజి పట్టించడం నేత ఎంత పాతదో అంత పాత పని. మరమగ్గం వచ్చిన కొత్తలో అసలు అడ్డంకి ఇదే అయ్యింది. ఎడ్మండ్ కార్ట్‌రైట్ 1785లో మరమగ్గానికి పేటెంట్ తీసుకున్నాడు. కానీ పడుగు కొంచెం కొంచెం విప్పుకుంటూ దానికి గంజి పూయడానికి మగ్గాన్ని మాటిమాటికీ ఆపాల్సి వచ్చేది. యంత్రం వేగం అక్కడే ఆవిరైపోయేది. ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్‌లో విలియం రాడ్‌క్లిఫ్, ఆయన దగ్గర పనిచేసిన థామస్ జాన్సన్ కలిసి, పడుగు మొత్తానికీ ముందే గంజి పట్టించి ఆరబెట్టి బీమ్‌కు చుట్టే యంత్రం చేశారు. దాని పేటెంట్లు 1803, 1804 నాటివి. ఆ తర్వాతే మరమగ్గం ఆగకుండా నడవడం మొదలైంది. నేత చరిత్ర చెప్పేటప్పుడు అందరూ మగ్గం పేరే చెబుతారు. నా దృష్టిలో రాడ్‌క్లిఫ్, జాన్సన్‌ల యంత్రానికి దానితో సమానమైన గౌరవం దక్కాలి.

సుమారు నూట యాభై ఏళ్లు గంజితోనే పని జరిగింది. స్టార్చ్ చవక, దొరుకుతుంది, కాటన్‌కు బాగా అంటుకుంటుంది. కాటన్ సెల్యులోజ్, స్టార్చ్ కూడా గ్లూకోజ్ గొలుసే. రెండింటి మీదా హైడ్రాక్సిల్ గుంపులు ఉంటాయి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. దాని ఇబ్బంది పొర పెళుసుదనం. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా మడత దగ్గర తెల్లగా పగిలినట్టే, పడుగు మీద గంజి పొర కూడా వంగిన చోటల్లా పగిలి పొడిగా రాలుతుంది. ఆ పొరను మెత్తగా ఉంచేది గాలిలో తేమే. అందుకని గంజి పట్టించిన పడుగు నేసే చోట తేమను 80 శాతం దగ్గర ఉంచాల్సి వస్తుంది. అందులో ఎనిమిది గంటలు నిలబడి పనిచేసేవాళ్ల సంగతి ఆలోచించండి. ఈ ఒక్క కారణం చాలు, గంజికి ప్రత్యామ్నాయం వెతకడానికి.

వెతికేలా చేసింది మాత్రం పాలిస్టర్. విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు 1941లో పాలిస్టర్ పీచుకు దారి చూపారు. తర్వాతి దశాబ్దాల్లో పాలిస్టర్-కాటన్ కలిపిన నూలు ప్రపంచమంతా వ్యాపించింది. గంజి పాలిస్టర్‌ను పట్టుకోదు. పట్టుకోవడానికి దాని మీద హైడ్రాక్సిల్ గుంపులు దాదాపు లేవు, ఈస్టర్ గుంపులున్నాయి. ఆ అవసరంలోంచే పాలీవినైల్ ఆల్కహాల్, మనం పివిఏ అని పిలుచుకునేది, సైజింగ్‌లోకి పెద్ద ఎత్తున వచ్చింది.

పివిఏ అప్పటికి కొత్తదేం కాదు. జర్మనీలో హెర్మాన్, హేనెల్ అనే రసాయన శాస్త్రవేత్తలు 1924లో దాన్ని తయారు చేశారు. దాని పుట్టుక కాస్త విచిత్రంగా ఉంటుంది, విద్యార్థులు గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. మామూలుగా పాలిమర్ చేయాలంటే చిన్న అణువులను వరసగా కలుపుతాం. వినైల్ ఆల్కహాల్ అనే చిన్న అణువు విడిగా నిలవదు, వెంటనే ఎసిటాల్డిహైడ్‌గా మారిపోతుంది. అందుకని ముందు వినైల్ ఎసిటేట్‌తో గొలుసు కట్టి, తర్వాత ఆ గొలుసు మీది ఎసిటేట్ గుంపులను తీసేసి, వాటి స్థానంలో హైడ్రాక్సిల్ మిగిలేలా చేస్తారు. ఎన్ని తీసేశాం అన్నదే హైడ్రాలిసిస్ శాతం. సంచి మీద మీరు చూసే అంకె అదే.

98, 99 శాతం తీసేసిన రకం గొలుసులన్నీ దగ్గరగా సర్దుకుంటాయి, స్ఫటికాలుగా బిగుస్తాయి. ఆ పొర చాలా గట్టిది. చల్లటి నీళ్లలో కరగదు, 90 డిగ్రీల దాకా వేడి చేయాలి. కాటన్‌ను బాగా పట్టుకుంటుంది. 87 నుంచి 89 శాతం మాత్రమే తీసేసిన రకంలో కొన్ని ఎసిటేట్ గుంపులు అలాగే మిగిలి ఉంటాయి. అవి గొలుసులు దగ్గరగా సర్దుకోకుండా అడ్డుపడతాయి. కాబట్టి అది తేలిగ్గా కరుగుతుంది, పొర కొంచెం మెత్తగా ఉంటుంది. ఎసిటేట్ అంటే ఈస్టరే కాబట్టి పాలిస్టర్‌ను బాగా అంటుకుంటుంది. నురగ ఎక్కువ వస్తుంది, నురగ తగ్గించే మందు వేసుకోవాలి. ‘పివిఏ వాడుతున్నాం’ అని ఎవరైనా చెబితే నేను వెంటనే అడిగే ప్రశ్న ‘ఏ హైడ్రాలిసిస్ శాతం?’ అని. ఆ అంకె తెలియకపోతే ఏం వాడుతున్నామో తెలియనట్టే. మగ్గం దగ్గరా అంతే, ఉతికే దగ్గరా అంతే.

పివిఏ పొర గంజి పొర కంటే ఎన్నో రెట్లు సాగుతుంది, వంగితే పగలదు. నూలు బరువులో 12, 13 శాతం గంజి వేయాల్సిన చోట పివిఏతో ఎనిమిది శాతంతోనే పని నడుస్తుంది. తేమ 65, 70 శాతానికి తగ్గించినా మగ్గాలు నడుస్తాయి. ఇన్ని సుగుణాలు చూసి చాలామంది పూర్తి హైడ్రాలిసిస్ అయిన పివిఏను ఒక్కదాన్నే, కాస్త ఎక్కువే వేద్దాం అనుకుంటారు. నేను మొదట చెప్పిన మాట ఇక్కడికి వస్తుంది.

దయచేసి ఈసారి సైజింగ్ మిషన్ నడుస్తున్నప్పుడు డ్రైయింగ్ సిలిండర్లు దాటిన చోట, లీజ్ రాడ్ల దగ్గర ఒక ఐదు నిమిషాలు నిలబడండి. సైజు బాక్సులో పోగులు పక్కపక్కనే తడిసి, స్క్వీజ్ రోలర్ల మధ్య నలిగి, ఆ ఒత్తిడిలోనే సిలిండర్ల మీద ఆరిపోతాయి. అప్పుడు పడుగు విడివిడి పోగుల్లా ఉండదు, ఒక పల్చటి రేకులా ఉంటుంది. పక్క పోగుతో పోగు పాలిమర్‌తో అతుక్కుని ఉంటుంది. ఆ రేకును లీజ్ రాడ్లు మళ్లీ పోగులుగా విడదీయాలి. విడిపోయే చోట సన్నగా చిటపటమని శబ్దం వస్తుంది, వినండి. అక్కడ చీలుతున్నది ఏమిటి? రెండు పోగుల మధ్య ఉన్న పాలిమర్ వంతెన చీలితే పూత నున్నగా మిగులుతుంది. వంతెన పీచు కంటే గట్టిదైతే అది చీలదు. ఒక పోగు పైనున్న పీచులను పొరతో సహా పీక్కుని రెండో పోగుకు అప్పజెబుతుంది. అంటే నూగు పడుకోబెట్టడానికి వేసిన పూత అక్కడే కొత్త నూగు పుట్టిస్తుంది. మొదటి లీజ్ రాడ్ కింద ఒక నల్లటి అట్ట పెట్టి చూడండి. పొడిపొడిగా, పలుకులుగా రాలితే అది పాలిమర్. మెత్తటి దూదిలా పేరుకుంటే అది మీ నూలులోంచి ఊడిన పీచు. ఆ రెండో రకం కనిపిస్తే పొర అవసరానికి మించి గట్టిగా ఉందని అర్థం. లేదా పోగులు మరీ దగ్గరగా ఉన్నాయి, లేదా మరీ ఎక్కువ ఆరిపోయాయి.

పివిఏతో పాటు కొంత స్టార్చో, కార్బాక్సీ మిథైల్ సెల్యులోజో, అక్రిలిక్కో కలపడానికి ఇదే కారణం. ధర తగ్గించడానికి కలుపుతారని అనుకుంటారు. ధర సంగతి సరే, అంతకంటే ముఖ్యం పొరను కొంచెం బలహీనపరచడం. వంతెన తేలిగ్గా, శుభ్రంగా చీలాలి. అలాగే పోగులను రెండు సైజు బాక్సుల్లో పంచితే పోగుకూ పోగుకూ మధ్య ఖాళీ వస్తుంది. తడిగా ఉన్నప్పుడే రేకును విడదీసి వేరువేరు సిలిండర్ల మీదికి పంపితే చాలా వంతెనలు అసలు ఏర్పడవు. ఈ ఏర్పాట్లున్న మిషన్ మీద పాలిమర్ ఎంపికలో కూడా వెసులుబాటు వస్తుంది.

పొర ఎంత గట్టిగా ఉండాలో అన్నట్టే, ఎంత లోతుకు వెళ్లాలన్నదీ చూసుకోవాలి. సైజు పోగు మధ్య దాకా ఇంకిపోతే పోగు కట్టెలా బిగుస్తుంది, సాగుడు పోతుంది, పైన పూత మిగలదు. అసలు ఇంకకపోతే పొర పైపైన ఉండి హీల్డ్ దగ్గరే గుల్లలా ఊడిపోతుంది. బయటి కొన్ని వరసల పీచుల దాకా వేళ్లు దిగి, మిగతాది పైన పరుచుకోవాలి. దాన్ని నిర్ణయించేది సైజు చిక్కదనం, బాక్సు వేడి, రోలర్ల ఒత్తిడి. నూలును సైజు బాక్సుకు ముందే వేడి నీళ్లలో తడిపి గట్టిగా పిండి పంపే పద్ధతి ఇప్పుడు చాలా చోట్ల ఉంది. పోగు లోపలి ఖాళీల్లో నీళ్లుంటాయి కాబట్టి పాలిమర్ పైనే ఎక్కువ నిలుస్తుంది. కాటన్ మీది మైనం, దుమ్ము కూడా కొంత కడుక్కుపోయి అతుకు మెరుగవుతుంది. కాటన్ ముతక నూలు మీద ఇది సైజు వాడకాన్ని గట్టిగానే తగ్గిస్తుంది. నాకు చాలా నచ్చిన మార్పు ఇది. వాడే రసాయనాన్నే తగ్గించడం అన్నింటికంటే మంచి దారి కదా.

వండే పద్ధతి గురించి రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. పివిఏ పొడిని వేడి నీళ్లలో పోయకండి, పైన తడిసి లోపల పొడిగా ఉండే ఉండలు కడతాయి. చల్లటి నీళ్లలో కలుపుతూ చల్లి, తర్వాత వేడి చేయండి. పూర్తిగా కరిగిందా లేదా అన్నది గడియారం చూసి కాకుండా గాజు పలక మీద పల్చగా పూసి, ఆరాక వెలుతురుకు పెట్టి చూడండి. గింజలు కనిపిస్తే ఇంకా ఉడకాలి. మైనం మితంగా వేయండి. ఎక్కువైతే పొర మధ్యలో మైనం చుక్కలు చేరి అక్కడే విరుగుతుంది.

ఇక ఫిలమెంట్ నూలు దగ్గరికి వద్దాం. నైలాన్, పాలిస్టర్ ఫిలమెంట్లలో పొట్టి పీచులు లేవు, నూగు లేదు. అక్కడ పని వేరు. పదుల సంఖ్యలో ఉన్న సన్నటి తంతువులు విడిపోకుండా కట్టగా ఉండాలి. ఒక్క తంతువు తెగి పైకి లేచినా అది రీడ్ ముందు ఉండలా చుట్టుకుంటుంది. నైలాన్‌కు పాలీఅక్రిలిక్ ఆమ్లం చాలా బాగా పట్టుకుంటుంది, దాని ఆమ్ల గుంపులకూ నైలాన్‌లోని ఎమైడ్ గుంపులకూ హైడ్రోజన్ బంధం కుదురుతుంది. పాలిస్టర్‌కు అక్రిలిక్ ఈస్టర్లు, నీళ్లలో చెదిరే పాలిస్టర్ రకాలు వాడతారు.

వీటిలో నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది వాటర్‌జెట్ మగ్గం కోసం చేసిన అక్రిలిక్ సైజు. సమస్య చూడండి. సైజు నీళ్లలో కరగాలి, లేకపోతే పోగుకు పట్టించలేం. మగ్గం మీద పేకను మోసుకెళ్లేది నీటి ధార, కాబట్టి అక్కడ అదే సైజు నీళ్లలో కరగకూడదు. నేత అయ్యాక మళ్లీ కరగాలి, లేకపోతే ఉతకలేం. మూడు చోట్ల మూడు రకాలుగా ప్రవర్తించే పూత కావాలి. ఆ పాలిమర్‌ను అమ్మోనియం లవణంగా చేసి నీళ్లలో కరిగిస్తారు. ఆరబెట్టే వేడికి అమ్మోనియా ఎగిరిపోతుంది, మిగిలేది ఆమ్ల రూపం. అది నీళ్లకు లొంగదు. నేసిన తర్వాత క్షారం కలిపిన వేడి నీళ్లలో వేస్తే మళ్లీ లవణంగా మారి కరిగిపోతుంది. సైజింగ్ మిషన్ దగ్గర ముక్కుకు తగిలే ఆ ఘాటైన వాసన రసాయన చర్య జరుగుతోందనడానికి గుర్తు. ఆవిరి లాగే ఫ్యాన్లు, గాలి వెళ్లే గొట్టాలు సరిగ్గా పనిచేసేలా చూడండి, అక్కడ నిలబడే మనుషులు రోజంతా ఆ గాలే పీల్చాలి. అమ్మోనియా పూర్తిగా ఎగరకపోతే మగ్గం మీద పూత జిగురుగా మారుతుంది. వాటర్‌జెట్ దగ్గర హీల్డ్‌లకు తెల్లటి జిగురు పేరుకుంటోందని ఫిర్యాదు వస్తే ముందు డ్రైయర్ వేడి చూసుకోవాలి.

ఇప్పుడు ప్రాసెసింగ్ మిత్రులారా, మీ విషయం. గ్రే బట్ట, అంటే మగ్గం మీంచి దిగిన పచ్చి బట్ట, మీ దగ్గరికి వచ్చేటప్పుడు దాని పడుగు బరువులో ఏడెనిమిది శాతమో పన్నెండు శాతమో పాలిమర్ ఉంటుంది. దాన్ని తీయకుండా రంగు సమంగా ఎక్కదు. గంజి అయితే ఎమైలేజ్ ఎంజైమ్ దాన్ని ముక్కలు చేస్తుంది. పివిఏను ఆ ఎంజైమ్ ముట్టుకోదు, దానికి కావాల్సింది వేడి నీళ్లు, సమయం, మంచి వాషింగ్. పైకి చాలా తేలిక. కానీ మధ్యలో ఒక ఉచ్చు ఉంది. పాలిస్టర్-కాటన్ బట్టను సైజు తీయకముందే, కొలత నిలవడానికి వేడి చేసే హీట్ సెట్టింగ్‌లో 180, 190 డిగ్రీలకు పంపిస్తే, పూర్తి హైడ్రాలిసిస్ పివిఏ గొలుసులు ఆ వేడికి ఇంకా దగ్గరగా సర్దుకుని స్ఫటికాలుగా బిగుస్తాయి. అప్పటిదాకా వేడి నీళ్లలో కరిగే పొర మొండికేస్తుంది. నూగు కాల్చే సింజింగ్ మంట ఎక్కువైనా ఇలాంటి ఇబ్బందే. సగం సైజు బట్టలో మిగిలిపోయి, రంగు వేశాక మచ్చలుగా బయటపడుతుంది. అప్పుడు తప్పు రంగు మందుది అనుకుంటారు. ఇంకొకటి, పాక్షిక హైడ్రాలిసిస్ పివిఏ త్వరగా వదులుతుందని క్షారం పోస్తారు. క్షారం మిగిలిన ఎసిటేట్ గుంపులను కూడా తీసేసి దాన్ని పూర్తి హైడ్రాలిసిస్ రకంగా మార్చేస్తుంది. ముందు మామూలు వేడి నీళ్లతో తీసేయండి, క్షారం ఆ తర్వాత.

వదిలిన పాలిమర్ ఎక్కడికి వెళ్తోంది? ఈ ప్రశ్న దగ్గర మనమందరం ఆగి ఆలోచించాలి. బట్టల ప్రాసెసింగ్ నుంచి వచ్చే మురుగునీటి కాలుష్య భారంలో అన్నింటికంటే పెద్ద వాటా సైజు తీసిన నీళ్లదే. కాగితం మీద లెక్క చూడండి. ఒక కిలో స్టార్చ్ పూర్తిగా ఆక్సీకరణం చెందడానికి సుమారు 1.2 కిలోల ఆక్సిజన్ కావాలి. ఒక కిలో పివిఏకు సుమారు 1.8 కిలోలు. కిలోకు కిలో చూస్తే పివిఏ భారమే ఎక్కువ. కాకపోతే అది తక్కువ వేస్తాం కాబట్టి మొత్తం మీద తేడా తగ్గుతుంది. అసలు తేడా సూక్ష్మజీవుల దగ్గర ఉంది. స్టార్చ్‌ను చాలా సూక్ష్మజీవులు ఇష్టంగా తింటాయి. పివిఏ గొలుసు కార్బన్-కార్బన్ బంధాలతో కట్టింది, దాన్ని తెంచగలిగే జీవులు కొన్నే. సూడోమోనాస్ జాతికి చెందిన కొన్ని బ్యాక్టీరియాలు ఆ పని చేయగలవని 1970లలోనే జపాన్ పరిశోధకులు చూపించారు. అలాంటి జీవులు అలవాటు పడి, సరైన వేడిలో, సరిపడా సమయం దొరికితే పివిఏ విరుగుతుంది. అలవాటు లేని ప్లాంటులోకి ఒక్కసారిగా వదిలితే చాలావరకు అలాగే బయటికి పోతుంది. ఐదు రోజుల బీఓడీ పరీక్షలో, అంటే సూక్ష్మజీవులు వాడుకున్న ఆక్సిజన్‌ను కొలిచే పరీక్షలో, దాని అంకె తక్కువగా కనిపిస్తుంది. ఆ తక్కువ అంకె చూసి నీళ్లు శుభ్రంగా ఉన్నాయనుకోవద్దు. జీవులు తినలేదు కాబట్టే ఆ అంకె తక్కువ వచ్చింది. పక్కన సీఓడీ (రసాయనంతో ఆక్సీకరణం చేసి కొలిచే) అంకె కూడా పెట్టి చూస్తేనే నిజం తెలుస్తుంది.

మరి పివిఏను మానేయాలా? నేను అలా అనను. పివిఏకు గంజికి లేని ఒక గొప్ప గుణం ఉంది. ఉతికినప్పుడు అది విరిగిపోదు, అదే పాలిమర్‌గా నీళ్లలోకి వస్తుంది. అంటే తిరిగి పట్టుకోవచ్చు. సైజు తీసిన మొదటి నీళ్లను వడకట్టి, అల్ట్రాఫిల్ట్రేషన్ పొరల గుండా ఒత్తిడితో పంపితే నీళ్లు, చిన్న లవణాలు దాటిపోతాయి, పెద్ద పెద్ద పివిఏ అణువులు ఇవతలే ఉండిపోతాయి. ఒక శాతం గాఢత ఉన్న నీళ్లు ఎనిమిది, పది శాతం దాకా చిక్కబడతాయి. దాన్ని మళ్లీ సైజు బాక్సులోకి పంపవచ్చు, కొంచెం కొత్త పివిఏ కలిపితే చాలు. అమెరికా మిల్లుల్లో 1970ల నుంచే ఈ పని చేసి చూపించారు. గంజితో ఇది కుదరదు, ఎంజైమ్ దాన్ని ఎప్పుడో ముక్కలు చేసేసింది.

ఇక్కడ చిక్కు ఎక్కడో మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. లీజ్ రాడ్ దగ్గర పొర శుభ్రంగా చీలడానికి పివిఏలో స్టార్చ్ కలపమన్నాను. స్టార్చ్ కలిపితే తిరిగి పట్టుకోవడం పాడవుతుంది. మీ మిల్లులో నేత, ప్రాసెసింగ్ ఒకే ఆవరణలో ఉండి, రికవరీ ప్లాంటు పెట్టే ఆలోచన ఉంటే స్టార్చ్ జోలికి వెళ్లకండి. పొరను మెత్తబరచడానికి పాక్షిక హైడ్రాలిసిస్ రకాన్నో, అక్రిలిక్‌నో, కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్‌నో ఎంచుకోండి. వీటిని కూడా ఆ వడపోత పొరలతో పట్టుకోవచ్చు. బట్టను ఎక్కడికో పంపి ఉతికించే మిల్లయితే రికవరీ కుదరదు. అలాంటప్పుడు సూక్ష్మజీవులు తేలిగ్గా తినే మార్పు చేసిన స్టార్చ్ ఎక్కువగా, సింథటిక్ పాలిమర్ వీలైనంత తక్కువగా వాడటం న్యాయం. సోయా ప్రోటీన్ లాంటి వాటి మీద పరిశోధన జరుగుతోంది, వాటి మీద ఆశ పెట్టుకోవచ్చు. ఈలోపు నేను అడిగేది ఒక్కటే. సైజు ఎంపిక నేత విభాగం ఒక్కటే కూర్చుని చేయకూడదు. ఉతికేవాళ్లు, నీళ్లు శుద్ధి చేసేవాళ్లు కూడా ఆ టేబుల్ దగ్గర ఉండాలి.

అది వెంటనే జరగకపోయినా, ప్రతి గ్రే లాట్‌తో పాటు ఒక చిన్న కార్డు పంపండి. ఏ పాలిమర్, ఏ హైడ్రాలిసిస్ శాతం, ఎంత పికప్ (పోగుకు ఎంత సైజు పట్టింది), ఏ మైనం. నాలుగే నాలుగు విషయాలు. ప్రాసెసింగ్ వాళ్ల పని సగం తేలికవుతుంది.

నా మాట ఇంతవరకే. ప్రశ్నలు ఉంటే అడగండి.

సభలో నుంచి ప్రశ్న: కార్డు లేకుండానే బట్ట వస్తుంది సార్. దాని మీద ఏ సైజు ఉందో మేమే ఎలా తెలుసుకోవాలి?

మంచి ప్రశ్న. అయోడిన్ ద్రావణం ఒక చుక్క వేయండి. వెంటనే ముదురు నీలం వస్తే గంజి ఉంది. మార్పు చేసిన స్టార్చ్ అయితే ఊదా, ఎర్ర ఛాయ రావచ్చు. నీలం రాకపోతే ఇంకో చోట బోరిక్ ఆమ్లం కలిపిన అయోడిన్ వేసి చూడండి. అప్పుడు నీలమో, నీలం కలిసిన ఆకుపచ్చో తిరిగితే అది పివిఏ. రెండూ కలిసి ఉన్నాయని అనుమానం వస్తే, ముందు ఎంజైమ్‌తో గంజి తీసేసి, చల్లటి నీళ్లతో బాగా కడిగి, మిగిలిన బట్ట ముక్క మీద బోరిక్ ఆమ్లం పరీక్ష చేయండి. పాక్షిక హైడ్రాలిసిస్ పివిఏ కొంత ఆ నీళ్లతో పోతుంది, కాబట్టి కడిగిన నీళ్లను కూడా పరీక్షించండి. అక్రిలిక్, కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్ ఈ రెండు పరీక్షలకూ పలకవు. వాటి కోసం బట్టను వేడి నీళ్లలో మరిగించి, ఆ నీళ్లను ఆరబెట్టి, మిగిలిన పొరను ఇన్‌ఫ్రారెడ్ పరీక్షకు పంపాలి. ఫలితం వచ్చేదాకా ఆ లాట్‌ను హీట్ సెట్టింగ్‌కు పెట్టకండి.